గాలికి ఎదురొచ్చిన పొగ

దయ్యాలు లేవు. ఈ మాట ముందే ఎందుకు చెబుతున్నానంటే, ఈ సంగతి చెప్పిన ప్రతిసారీ మా బంధువుల్లో ఎవరో ఒకరు చివర్లో నా వైపు వేలు చూపించి "అదిగో, ఇదీ నమ్మీసింది" అంటున్నారు. నేను నమ్మలేదు. చిన్నప్పుడు జ్వరం తగ్గడం లేదని నా చేతికి తాయెత్తు కట్టిస్తే, దాన్ని పళ్ళతో కొరికి తెంపి నూతిలో పడేసినదాన్ని. జ్వరం మాత్రలకే తగ్గింది. మా వీధిలో ఒక ముసలావిడ చిల్లంగి పెడుతుందని, అంటే చేతబడి చేస్తుందని, అందరూ ఆవిడ గుమ్మం తొక్కడం మానేసిన రోజుల్లో, నేను వెళ్ళి ఆవిడ చేసిన జంతికలు తిని వచ్చాను. నాకేమీ కాలేదు, జంతికలు కూడా బాగున్నాయి.

ఇప్పుడు ఇది రాయడానికి కారణం మా చిన్నాన్న కొడుకు రమణ. మొన్నొక పెళ్ళిలో నేను పక్కనే ఉండగా ఈ కథను ఎవరికో చెబుతున్నాడు. వాడి కథలో నేను స్పృహ తప్పి పడిపోయాను. తెల్లచీర కట్టిన ఆడమనిషి వచ్చి నన్ను లేపింది. నేను పడిపోలేదు. తెల్లచీర లేదు. అసలు ఇది జరిగిన ఇటలీలో వాడు లేనే లేడు. జరిగింది జరిగినట్టు ఒకచోట ఉండాలి, అందుకని రాస్తున్నాను.

మాది పలాస. ఉద్దానంలో జీడితోట, కొబ్బరిచెట్లు ఉన్నా, మా చదువుల కోసం నాన్న పలాసలో ఇల్లు కట్టారు. ఇల్లు కట్టాక వెనక వీధిలో జీడిపప్పు ఫ్యాక్టరీ వచ్చింది. ఆ పక్కన ఇంకొకటి, ఆ ఎదురుగా మరొకటి. జీడిపిక్కల్ని వేడి చేసి, కొట్టి, పప్పు తీస్తారు. మిగిలిన తొక్క పొయ్యిలోకి పోతుంది. ఆ పొగ సంగతి మా ఊరివాళ్ళకు చెప్పక్కర్లేదు. మిగతావాళ్ళ కోసం చెబుతాను. అది కట్టెపొగ లాంటిది కాదు. దాంట్లో నూనె ఉంటుంది. ముక్కులోకి వెళ్ళి ఊరుకోదు, గొంతు వెనక్కి పోయి అక్కడ అంటుకుంటుంది. కళ్ళు మండవు, దురద పెడతాయి. ఆరేసిన బట్టల మీద నల్లని మసి పడుతుంది, ఎంత ఉతికినా పోదు. తలంటు పోసుకునే దాకా జుట్టులోంచి వస్తూనే ఉంటుంది. ఒకసారి పీల్చినవాళ్ళు దాన్ని మరో వాసన అనుకోవడం జరగదు.

మా ఇంట్లో ఆ పొగ మీద పోరాటం నా చిన్నతనమంతా నడిచింది. ఏ ఫ్యాక్టరీకి వెళ్ళి అడిగినా "మాది కాదు బాబూ, పక్కోడిది" అనేవాళ్ళు. అందుకని నాన్నకు ఒక పద్ధతి ఉండేది. పొగ రాగానే పెరట్లోకి వెళ్ళి కొబ్బరి ఆకులు ఎటు ఊగుతున్నాయో చూసేవారు. గాలి ఎటునుంచి వస్తుంటే అటు నడవాలి. వాసన ఎక్కడ చిక్కబడితే అక్కడ ఆగాలి. పోయేటప్పుడు వీధిలోంచి ఒక మనిషిని సాక్షిగా వెంటబెట్టుకోవాలి, లేకపోతే రేపు మాట మార్చేస్తారు. ఎక్కాలు రాకముందే నాకు ఈ పద్ధతి వచ్చు. పెద్దయ్యాక నాన్నకు మోకాళ్ళ నొప్పులు వస్తే ఆ పని నేనే చేసేదాన్ని. ఒక ఫ్యాక్టరీ యజమాని నా ముందే మా నాన్నతో "మీ పాపకి ముక్కెక్కువండి" అన్నాడు. పక్కనున్న గుమాస్తా నవ్వాడు. ఇద్దరి ముఖాలూ నాకు గుర్తే.

విశాఖపట్నంలో ఎమ్మెస్సీ చదువుతుండగా, ఒక సెమిస్టర్ ఇటలీలో చదివే అవకాశం వచ్చింది. వచ్చిందంటే నాకు ఇవ్వలేదు. మొదట ఇంకొక అమ్మాయికి ఇచ్చారు. ఆమె ఇంట్లో ఒప్పుకోకపోతే, గడువు దగ్గరపడ్డాక నన్ను పిలిచి, "నువ్వైతే వెళ్తావు కదా" అన్నారు, మిగిలిపోయిన ఉప్మా ఎవరికైనా పెట్టేసినట్టు. వెళ్ళాను.

ఊరి పేరు ట్రియెస్టె. ఇటలీకి ఈశాన్యపు చివర, సముద్రం మీదికి దిగే కొండవాలు. మా ఇచ్ఛాపురం లాగే సరిహద్దు ఊరు, బస్సెక్కి కాసేపు వెళితే వేరే దేశం. అందరూ ఇటాలియన్ మాట్లాడతారు, ముసలివాళ్ళు ఇంకో రెండు భాషల్లో తిట్టుకుంటారు. ఓడరేవుకు కాఫీ గింజలు దిగుతాయి, వాటిని వేయించే చోట్లు ఉన్నాయి. కొన్ని వీధుల్లో మధ్యాహ్నం పూట ఆ వాసన వస్తుంది. ఈ సంగతి తరవాత అవసరపడుతుంది.

చలికాలంలో అక్కడ ఒక గాలి వీస్తుంది. దాన్ని బోరా అంటారు. కొండ మీదనుంచి సముద్రంలోకి తోస్తుంది. తుఫానుల్లో పెరిగినదాన్ని, గాలి నాకు కొత్త కాదు. కానీ మా తుఫాను మబ్బుతో, వానతో, ముందుగా చెప్పి వస్తుంది. ఇక్కడ ఎర్రటి ఎండ కాస్తూ ఉంటుంది, ఆకాశంలో మబ్బుతునక ఉండదు, స్కూటర్లు మాత్రం వరసగా పక్కకి పడిపోయి ఉంటాయి. ముసలివాళ్ళు గోడలు పట్టుకుని నడుస్తారు.

నేను అద్దెకు దిగిన ఇంట్లో మూడో అంతస్తు. రెండు గదులు, ఒక వంటిల్లు. నీళ్ళు వేడి చేయడానికి, గదుల్లో వెచ్చదనానికి వంటింటి గోడకు గ్యాస్ బాయిలర్ ఉండేది. గాలి వీచిన రోజుల్లో అది బుసలు కొట్టేది. ఇంటి యజమానురాలికి చెప్పాను. మళ్ళీ చెప్పాను. కిటికీ గడియ గురించి, మెట్ల మీద లైటు గురించి, పై అంతస్తు కుర్చీల చప్పుడు గురించి కూడా చెప్పాననుకోండి. ఆవిడ బాయిలర్ సంగతి విని, "మీ దేశంలో ఇళ్ళకి ఇవి ఉండవు కదా, అందుకే నీకు చప్పుడు కొత్త" అంది. తరవాత నా ఫోన్లు ఎత్తడం మానేసింది.

రెండో గదిలో మార్తా ఉండేది. పోలండ్ అమ్మాయి, నాలాగే ఒక సెమిస్టర్‌కి వచ్చింది. సాయంత్రాలు ఒక బార్‌లో పనిచేసి ఆలస్యంగా వచ్చి మధ్యాహ్నం దాకా పడుకునేది. మొదటి నెల బాగానే ఉన్నాం. తరవాత అమ్మ నాకు పంపిన ఎండు నెత్తళ్ళ మూట మార్తా కంటపడింది. అది మా తీరంలో ఇసక అంటకుండా వల మీద ఎండబెట్టిన చిన్నచేప, అమ్మ తెలిసినవాళ్ళ దగ్గర చెప్పి తెప్పించినది. నేను క్లాసుకి వెళ్ళినప్పుడు మార్తా ఆ మూటను కిటికీ బయట కొక్కేనికి తగిలించింది. ట్రియెస్టెలో కొంగలంత పెద్ద సముద్రపు పక్షులు ఉంటాయి. నేను వచ్చేసరికి గుడ్డపేలిక ఊగుతోంది, అంతే.

అడిగాను. వాసన భరించలేకపోయానంది. క్షమించమని కూడా అంది, కానీ అంటూ నవ్వింది. ఆ నవ్వు నాకు నచ్చలేదు. మాట్లాడటం మానేశాను.

"ఎండుసేపల కోసం ఊరు కాని ఊర్లో తగువేటే?" అంది అమ్మ ఫోన్లో. "ఆ పిల్లకేటి తెలుసు. వదిలీ."

"అది నవ్విందే అమ్మా."

"నవ్వితే నవ్వింది. మీ నాన్న ముక్కు, మీ నాన్న కోపం రెండూ నీకే వొచ్చీసినాయి."

నేను వదల్లేదు. మేమిద్దరం ఒకే వంటింట్లో ఒకరినొకరు చూడకుండా తిరగడం నేర్చుకున్నాం. ఆమె నా గది తలుపు తడితే నేను పలికేదాన్ని కాదు. కొన్నాళ్ళకు నేను తడితే ఆమె పలకడం మానేసింది.

ఆ రోజు గాలి తెల్లవారుజామునుంచీ ఉంది. ప్రొఫెసర్ రాలేకపోయారని క్లాసు రద్దయింది. మధ్యాహ్నం బస్సు దిగి ఇంటివైపు నడుస్తున్నాను. ఎండగా ఉంది. మా వీధి కొండవాలు దిగుతుంది కాబట్టి గాలి వెనకనుంచి తోస్తోంది, నడుస్తున్నానో ఉరుకుతున్నానో తెలియడం లేదు. రొట్టెల దుకాణం మూల దగ్గర జీడితొక్క పొగ తగిలింది.

భయం వేయలేదు. ఆశ్చర్యం కూడా తరవాతి మాట. ముందు కోపం వచ్చింది. ఇంత దూరం వచ్చినా వదల్లేదే అనిపించింది. గొంతు వెనక అంటుకుంది, కళ్ళు దురదపెట్టాయి, కండువా ముక్కు మీదికి లాక్కున్నాను. ఎవడో ఈ ఊళ్లో పిక్కలు కాలుస్తున్నాడు అని నిజంగానే అనుకున్నాను. ఓడరేవు కదా, కాఫీ గింజలు దిగినట్టు జీడిపిక్కలూ దిగి ఉంటాయనుకున్నాను. ఇప్పుడు నవ్వొస్తుంది గానీ అప్పుడు నా కాళ్ళు వాటంతటవే నాన్న పద్ధతిలో పడ్డాయి. గాలి ఎటు? వెనకనుంచి. కాబట్టి వెనక్కి, పైకి, గాలికి ఎదురు నడవాలి. నడిచాను. వాసన పోయింది.

మళ్ళీ కిందికి దిగాను. రొట్టెల దుకాణం దాటగానే మళ్ళీ వచ్చింది, ఈసారి ఎక్కువగా. ముందునుంచి వస్తోంది. అక్కడ నిలబడిపోయాను. గాలి నా వీపు మీద పడుతోంది. నా జుట్టు నా ముఖం మీదికి ఎగురుతోంది. ఎదురుగా చెట్టుకొమ్మలు సముద్రంవైపు వంగి ఉన్నాయి. వాసన మాత్రం సముద్రంవైపు నుంచి నా ముఖానికి కొడుతోంది. గాలికి ఎదురుగా వాసన రాదు. ఎవరినైనా అడగండి. పలాసలో చంటిపిల్లకు కూడా తెలుసు. అంత గాలిలో అసలు ఏ వాసనా నిలబడదు, పక్కనే రొట్టెలు కాలుతున్నా నాకు ఆ వాసన రావడం లేదు.

అది వచ్చిన వైపే నడిచాను. మా ఇల్లే వచ్చింది.

కింది అంతస్తులో దారియో అనే పెద్దాయన ఉండేవాడు. భార్య లేదు, ఒక కుక్క ఉండేది. మెట్ల మొదట్లో కుక్క మెడకు పట్టీ కడుతున్నాడు. పొగ ఎక్కడిదని అడిగాను, మీ వంటింట్లోదా అన్నాను. ఆయన గాలి పీల్చి చూసి, ఏమీ లేదన్నాడు. తరవాత, కాఫీ వేయిస్తున్నారేమో అన్నాడు. ఇందాక చెప్పిన సంగతి ఇదే. నేను పుట్టింది ఏ ఊళ్లో? నాకు కాఫీకీ జీడితొక్కకీ తేడా తెలియదా? నాకు వచ్చిన ఇటాలియన్‌లో ఆ మాట చెప్పలేక, ఆయన చొక్కా చెయ్యి పట్టుకున్నాను. మీరు నాతో పైకి రండి, మీరే చూడండి అన్నాను. సాక్షి లేకుండా వెళ్ళడం మా ఇంటి పద్ధతి కాదు.

"అమ్మాయీ, కుక్క మూత్రానికి వెళ్ళాలి" అన్నాడు.

"మళ్ళీ వెళ్తుంది. రండి."

పాపం, కుక్కను కమ్మీకి కట్టేసి వచ్చాడు. మెట్లెక్కుతుంటే ప్రతి అంతస్తుకూ పొగ చిక్కబడుతోంది. నేను దగ్గుతున్నాను. ఆయన నన్ను చూస్తున్నాడు, పిచ్చిదాన్ని చూసినట్టు. తాళం తీశాను. లోపల ఆ వాసన తప్ప ఇంకేమీ లేదు. పొగ కనిపించడం లేదు. గోడలు, బల్ల, గిన్నెలు అన్నీ శుభ్రంగా కనిపిస్తున్నాయి. బాయిలర్ బుసకొడుతోంది. వాసన ఎక్కడినుంచో వెతకక్కర్లేదు, మార్తా గది తలుపు దగ్గర ఎక్కువగా ఉంది.

తట్టాను. పలకలేదు. గట్టిగా తట్టాను. పలకలేదు.

ఇక్కడ నేను నిజం చెప్పాలి. నాకు వచ్చిన ఆలోచన ఒకటే: కావాలనే పలకడం లేదు, మళ్ళీ నన్ను చిన్నబుచ్చుతోంది, అదీ పరాయి మనిషి ముందు. నా గదిలోకి వెళ్ళిపోయి తలుపేసుకుందామనుకున్నాను. ఒక అడుగు వేశాను కూడా. కానీ సాక్షిని పైదాకా లాక్కొచ్చాను. ఏమీ చూపించకుండా ఆయన్ని పంపిస్తే రేపు ఇంటావిడతో ఏం చెబుతాడు? ఆ పిల్లకి ముక్కెక్కువ అనే కదా. లోపల అది ఏదో కాలుస్తోంది, అది ఆయన కళ్ళకు చూపించాల్సిందే అనుకుని తలుపు తోసేశాను.

తలుపు తెరుచుకోగానే వాసన పోయింది. తగ్గలేదు, పోయింది. దీపం ఆర్పినట్టు.

మార్తా మంచం మీద పక్కకు తిరిగి ఉంది. బుగ్గలు ఎర్రగా, ఆరోగ్యంగా, చిన్నపిల్ల ఎండలో ఆడి వచ్చినట్టు ఉన్నాయి. ఒక చెయ్యి కిందికి వేలాడుతోంది. పేరు పెట్టి పిలిచాను. చాలా రోజుల తరవాత ఆ పేరు నా నోటినుంచి రావడం. కదల్లేదు. భుజం పట్టి ఊపితే తల అటూ ఇటూ వాలింది.

దారియో నా వెనకనుంచి ఒక్క మాట అరిచాడు. గ్యాస్. ఆయన కిటికీ రెక్కలు తోసేశాడు. బోరా లోపలికి వచ్చి కాగితాలన్నీ లేపేసింది. ఆయన మార్తా కాళ్ళు పట్టుకున్నాడు, నేను చంకల కింద చేతులు వేశాను. మెట్ల మీదికి లాక్కొచ్చాం. ఆయన వెనక్కి వెళ్ళి బాయిలర్ కట్టేశాడు. నేను మెట్ల మీద కూర్చుని ఆమె తలను ఒళ్ళో పెట్టుకున్నాను. ఊపిరి ఉందా లేదా అని నోటి దగ్గర చెయ్యి పెడితే, మెట్లలో కూడా గాలి తిరుగుతోంది, ఏది ఊపిరో ఏది గాలో తెలియలేదు.

అంబులెన్సు వచ్చింది. ఫైరు ఇంజను వచ్చింది. వాళ్ళు చేతిలో చిన్న యంత్రం పట్టుకుని లోపలికి వెళితే అది గుమ్మంలోనే అరవడం మొదలుపెట్టింది. కార్బన్ మోనాక్సైడ్. బాయిలర్ పొగగొట్టం మార్తా గది గోడలోంచి పైకి వెళుతుంది. గాలి ఉధృతికి పొగ పైకి పోలేక వెనక్కి తన్నింది. గోడలో గొట్టం అతుకు ఊడి ఉంది. ఆ గ్యాసుకు రంగు లేదు, రుచి లేదు. ముఖ్యంగా, వాసన లేదు. ఈ మాట ఫైరు మనిషి నాకు మళ్ళీ చెప్పాడు, ఎందుకంటే నేను నల్లటి పొగ వాసన వచ్చిందని పట్టుబట్టాను. లోపల ఏమీ కాలలేదు. మసి లేదు. పొయ్యి వెలిగించిన గుర్తు కూడా లేదు.

ఆసుపత్రి వరండాలో నన్ను కూర్చోబెట్టి రక్తం తీశారు. నాకు కొంచెం తలనొప్పి తప్ప ఏమీ లేదు. మార్తాను లోపలికి తీసుకుపోయారు. బతుకుతుందా అని అడిగితే, మీరు ఆమెకు ఏమవుతారు అని నన్ను అడిగారు. ఏమవుతాను? మాట్లాడనిదాన్ని అవుతాను. "ఒక ఇంట్లో ఉంటాం" అన్నాను. చూడాలి అన్నారు, అంతే.

అమ్మకు ఫోన్ చేశాను.

"ఓలమ్మో! నీకేటీ అవ్వలేదు కదా? నిజం సెప్పు. నీకేటీ అవ్వలేదు కదా?"

"నాకేమీ కాలేదే. మార్తాకే."

 అమ్మ వెంటనే అడిగింది: "ఆ పిల్ల తల్లికి ఎవులైనా సెప్పారేటే?"

నాకు అంతవరకు ఏడుపు రాలేదు. అప్పుడు వచ్చింది. ఆసుపత్రివాళ్ళు చెప్పారట, వాళ్ళమ్మ బయల్దేరిందట. ఆవిడ వచ్చేలోపు ఏమైనా అయితే ఎదురుగా ఉండేది నేనే. ఆవిడ నన్ను అడుగుతుంది, చివరిసారి ఏం మాట్లాడింది అని. వారాలుగా మేం మాట్లాడుకోలేదని ఆ తల్లికి ఏ భాషలో చెప్పాలి? వరండాలో కాఫీ యంత్రం పక్కన కూర్చుని, మార్తా లేస్తే ఎండుచేపల ఊసు జన్మలో ఎత్తను అనుకున్నాను. ఎవరితో అనుకున్నానో అడగకండి, నాకే తెలీదు. ఆ మాట నిలబెట్టుకున్నాను. ఇక్కడ రాయడం లెక్కలోకి రాదు, ఇది తెలుగులో ఉంది.

పొద్దు వాలేవేళకు ఒక డాక్టరమ్మ బయటికి వచ్చి, లేచింది, రావచ్చు అంది.  గోడ పట్టుకుని వెళ్ళాను, ఆ ఊరి ముసలివాళ్ళలాగా.

మార్తా ముఖానికి ఆక్సిజన్ మాస్కు ఉంది. నన్ను చూసి మాస్కు పక్కకు జరిపింది. మొదటి మాట థాంక్స్ కాదు.

"పొద్దున్నుంచీ వంటింట్లో ఎందుకలా దగ్గుతున్నావు?" అంది. "నిద్రపోనివ్వవా? లేచి వచ్చి అరుద్దామనుకున్నాను. లేవలేకపోయాను."

నేను పొద్దున్నే వెళ్ళిపోయానని చెప్పాను. లేదంది. పొడిదగ్గు, ఆగకుండా దగ్గు, మధ్యలో సణుగుడు. అందుకే అది నేనే అనుకుందట. సణుగుడు వినగానే. ఈ మాట ఆమె మంచం మీద ఉండి అంది కాబట్టి ఊరుకున్నాను.

ఇంట్లో ఆ వేళ మార్తా తప్ప ఇంకో మనిషి లేరు.

డాక్టరమ్మ మంచిది. నా వయసుకు కాస్త పెద్దదేమో. ఆ గ్యాసు మెదడుకు ఎక్కితే లేనివి వినిపించవచ్చు, లేని వాసనలు రావచ్చు అంది. మార్తా దగ్గు సంగతికి అది సరిపోతుంది, ఒప్పుకుంటాను. నా సంగతికి సరిపోదు. నాకు వాసన వచ్చింది వీధిలో, ఎండలో, మనిషిని తోసేసే గాలిలో. అప్పటికి నేను ఆ ఇంట్లోంచి వచ్చి చాలాసేపయింది. తలుపు తీసి గ్యాసు ఉన్నచోటికి వెళ్ళాక పోయింది. గ్యాసు వల్ల వస్తే తలకిందులుగా జరగాలి కదా. బాయిలర్ పొగ ఏమో అన్నాడు తరవాత దారియో, కానీ దానికి వాసన ఉంటే ఆయన ముక్కుకూ తగలాలి, ఆయన నా పక్కనే మెట్లెక్కాడు. పైగా నా కండువా, కోటు, జుట్టు అన్నీ ఆసుపత్రిలోనే వాసన చూసుకున్నాను. జీడిపొగ తగిలితే తలంటు దాకా పోదని చెప్పాను కదా. ఏమీ లేదు, షాంపూ వాసన తప్ప.

ఇవన్నీ వరసగా చెబితే ఆ డాక్టరమ్మ విని, "అయితే నాకు తెలియదు" అంది. ఆ దేశంలో నేను చెప్పినదాన్ని తప్పనకుండా విన్న మొదటి మనిషి ఆవిడే. ఆవిడ మేలు మరిచిపోను.

అమ్మ మాత్రం అప్పటికే తేల్చేసింది.

"మీ మామ్మే వొచ్చీసింది. ఇంకెవులొత్తారు?"

మామ్మ అంటే మా నాన్నగారి తల్లి. నేను డిగ్రీలో ఉండగా పోయింది. తోటలో పిక్కలు తానే పెంకు మీద కాల్చేది, ఆ పొగకి జీవితమంతా దగ్గింది. దగ్గుకీ దగ్గుకీ మధ్య కోడళ్ళను తిట్టేది. ఇదంతా నిజమే. కానీ నేను ఒప్పుకోలేదు, ఇప్పటికీ ఒప్పుకోను. పనసకాయ కోస్తే మంచి తొనలన్నీ రమణకు పెట్టి నాకు గింజలు వేపుకోమని ఇచ్చేది. వాడు ఇంటర్ రెండోసారి రాసి గట్టెక్కితే వీధంతా లడ్డూలు పంచింది. నాకు ఫస్ట్ క్లాసు వస్తే "అంతేనా" అంది. ఆవిడ సముద్రాలు దాటి రావాల్సి వస్తే రమణ దగ్గరికి వెళుతుంది గానీ నా దగ్గరికి రాదు.

"సచ్చినోల్ల మీద కూడా తగువేటే నీకు?" అంది అమ్మ.

"తగువు కాదే, లెక్క చూడు. నన్ను కాపాడ్డానికే వస్తే నన్ను ఆ ఇంటికి రానివ్వకూడదు కదా. నేను బయట క్షేమంగా ఉన్నాను. ఆ వాసన నన్ను గ్యాసులోకే తీసుకెళ్ళింది. పోలండ్ పిల్లతో మామ్మకేం పని?"

అమ్మ "నువ్వైతే తలుపు తీసీదాకా ఊరుకోవని తెలిసుంటాది" అంది.  ఫోన్ పెట్టేశాను.

మార్తా వాళ్ళమ్మ వచ్చి నన్ను పట్టుకుని వాళ్ళ భాషలో చాలాసేపు మాట్లాడింది. ఒక్క ముక్క అర్థం కాలేదు. అర్థం చేసుకోవాల్సినదీ ఏమీ లేదు. నా వీపు నిమురుతూనే ఉంది. ఇంటి యజమానురాలు కొత్త బాయిలర్ పెట్టించింది, గోడ తవ్వించింది, గ్యాసు వస్తే అరిచే యంత్రం తగిలించింది. ఒక కేకు కూడా పంపింది. తప్పయిందన్న మాట మాత్రం ఆ నోట రాలేదు. కేకు తిన్నాను, మాట గుర్తు పెట్టుకున్నాను. దారియో కుక్క ఆ రోజు మెట్ల దగ్గరే పని కానిచ్చేసిందట. ఆయన కనిపించినప్పుడల్లా అది నా ఖాతాలో వేసేవాడు.

ఆ తరవాత కూడా బోరా చాలాసార్లు వీచింది. వీచిన ప్రతిసారీ నేను రొట్టెల దుకాణం మూలన ఆగి ముక్కు ఎగబీల్చేదాన్ని. రొట్టె కూడా వాసన వచ్చేది కాదు. ఉత్త చల్లగాలి. పలాస తిరిగి వచ్చాక మా వెనక వీధి ఫ్యాక్టరీ పొగ మళ్ళీ పీల్చాను. అదే వాసన. పొరపాటుకు చోటు లేదు. అది ఆ వేళ అక్కడికి ఎలా వచ్చింది, గాలికి ఎదురుగా ఎలా వచ్చింది, ఎవరు దగ్గారు, నాకు తెలియదు. తెలిసినవాళ్ళు చెబితే వింటాను. తెల్లచీర అంటే మాత్రం వినను.

ఒకటి మాత్రం చెబుతాను. మార్తా ఇంటికి వచ్చాక, గాలి ఉన్న రోజుల్లో నాకు మనసు నిలిచేది కాదు. యంత్రం గోడ మీద పచ్చదీపంతో ఉన్నా సరే, క్లాసుకి వెళ్ళేముందు తట్టకుండానే ఆమె గది తలుపు తోసి చూసేదాన్ని. మొదటిరోజు ఆమె గాఢనిద్రలో ఉంది. ముఖం నాకు కనపడలేదు. దగ్గరికి వెళ్ళి భుజం పట్టి ఊపాను. దుప్పటిలోంచి ఒక చెయ్యి వచ్చి, తలగడ తీసి నా ముఖాన కొట్టింది, మార్తా పోలిష్‌లో ఏదో అంది. చాలా పెద్ద తిట్టే అయి ఉండాలి, చివరిదాకా ఊపిరి తీసుకోకుండా అంది.

తలగడ తీసి ఆమె తల కింద పెట్టాను. తలుపు దగ్గరగా వేసి, క్లాసుకి వెళ్ళాను. దారంతా నవ్వుకుంటూనే ఉన్నాను.